తీగలో ప్రయాణించే ‘తెలుగు’

మీలో ప్రతి ఒక్కరూ కంప్యూటరు మీద ‘తెలుగు’ అనే మాటను ఒక్కసారైనా వ్రాసి ఉంటారు. దానిని కాగితం మీద అచ్చు వేయించుకోవాలని మీట నొక్కగానే ఆ మాట ఒక సన్నని తీగలో ప్రవేశించి, అవతలి కొసన ఉన్న ప్రింటరును చేరుతుంది. ఆ ప్రయాణానికి ఎంతసేపు పడుతుంది? అరవై ఏళ్ళ క్రిందట ఎంతసేపు పట్టేది? ఈ మధ్యకాలంలో ఏమి మారింది?

నేడు ఆ తీగ చాలావరకు యూఎస్‌బీ జాతికి చెందినది. యూనివర్సల్ సీరియల్ బస్ అనే మూడు మాటల పొడి అక్షరాలే ఆ పేరు. యూనివర్సల్ అంటే అన్నిచోట్లా చెల్లేది. సీరియల్ అంటే ఒకదాని వెనుక ఒకటిగా, వరుసలో నడిచేది. బస్ అంటే మిమ్మల్ని బడికి తీసుకొనివచ్చే బస్సు వంటిదే. ఎవరు ఎక్కినా కాదనకుండా మోసుకొనిపోయే ఉమ్మడి దారి. పేరు పెట్టినవారు బాగా ఆలోచించే పెట్టారు. ఆ తరువాత పెట్టిన పేర్ల గురించి మాత్రం అంత మంచి మాట చెప్పలేము. ఆ సంగతి ముందు ముందు వస్తుంది.

మొదట మన మాట బరువెంతో తూచి చూద్దాం. కంప్యూటరుకు అక్షరాలు తెలియవు. సున్న, ఒకటి అనే రెండు గుర్తులే దానికి తెలుసు. అటువంటి ఒక్క గుర్తును బిట్ అంటారు. ఎనిమిది బిట్లు కలిస్తే ఒక బైట్. ప్రపంచంలోని లిపులకు సంఖ్యలు కేటాయించే యూనికోడ్ అనే ప్రమాణంలో, 1991లో వెలువడిన తొలి కూర్పు నుండే, మన తెలుగుకు చోటు ఉన్నది. ‘తెలుగు’ అన్నది మన కంటికి మూడక్షరాలే. యూనికోడ్ లెక్కలో మాత్రం ఆరు గుర్తులు: త, ఎత్వం, ల, కొమ్ము, గ, మరొక కొమ్ము. ఇంటర్నెట్టులో అందరూ వాడే యూటీఎఫ్-8 పద్ధతి ప్రకారం ఒక్కొక్క తెలుగు గుర్తుకు మూడు బైట్లు కావాలి. ఆరు మూళ్ళు పద్ధెనిమిది బైట్లు. పద్ధెనిమిది ఎనిమిదులు 144 బిట్లు. మలాయ్ భాషను రోమన్ లిపిలో వ్రాస్తున్నారు కనుక దాని అక్షరానికి ఒక్క బైటే సరిపోతుంది. మీ ప్రక్క తరగతిలోని తమిళ విద్యార్థుల గుర్తులకు, వాడుకలో ఉన్న చైనా అక్షరాలలో దాదాపు అన్నింటికీ మనవలెనే మూడేసి బైట్లు కావాలి.

ఈ 144 అనే సంఖ్యను గుర్తుంచుకోండి. దీనిని వెంటబెట్టుకొనే ముందుకు నడుద్దాం.

1960లో అమెరికాలో ఆర్‌ఎస్-232 అనే ప్రమాణం ఏర్పడింది. దూరముద్రణ యంత్రాలను, టెలిఫోను తీగకు కంప్యూటరును కలిపే మోడెములను దృష్టిలో పెట్టుకొని దానిని రూపొందించారు. అందులో ఒక తీగ మీద బిట్లు ఒకదాని వెనుక ఒకటిగా పోతాయి. తీగలో విద్యుత్తు ధన వోల్టేజిలో ఉంటే సున్న, ఋణ వోల్టేజిలో ఉంటే ఒకటి. ప్రతి బైటుకు ముందు ‘మొదలు’ అని ఒక బిట్టు, వెనుక ‘ముగిసింది’ అని మరొక బిట్టు చేర్చడం వాడుక. ఉత్తరానికి కవరు ఉన్నట్లు. కనుక మన 144 బిట్లు ప్రయాణానికి బయలుదేరే వేళకు 180 అవుతాయి. ఆనాటి మోడెములు సెకనుకు 300 బిట్లు పంపేవి. ‘తెలుగు’ అవతలికి చేరడానికి సెకనులో పదింట ఆరు వంతులు పట్టేదన్నమాట. నోటితో ఆ మాట పలకడానికి కూడా దాదాపు అంతే పడుతుంది కదా! అంటే ఆ తీగ మనిషి మాట్లాడే వేగంతో నడిచింది.

తరువాత అదే పద్ధతిలో వేగం పెరిగి, 1990ల నాటికి ఇళ్ళలోని కంప్యూటర్లు సెకనుకు 1,15,200 బిట్లు పంపగలిగాయి. ఒక మాటకు అది చాలా ఎక్కువ. కాని నేటి ఫోనులో తీసిన పెళ్ళి వీడియో ఒకటి నాలుగు గిగాబైట్లు ఉన్నదనుకోండి. ఆ తీగ మీద దానిని పంపాలంటే సుమారు నాలుగు పగళ్ళు, నాలుగు రాత్రులు కావాలి. పెళ్ళి అంతకంటె ముందే ముగిసిపోతుంది.

“ఒక తీగ చాలకపోతే ఎనిమిది తీగలు వేస్తే సరి” అని మీకు తోచవచ్చు. ఇంజనీర్లకు కూడా అదే తోచింది. ప్రింటరుకు వేసిన సమాంతర పోర్టులో బైటులోని ఎనిమిది బిట్లూ ఎనిమిది తీగల మీద ఒకేసారి బయలుదేరేవి. ఆ కేబులు మణికట్టంత లావు కాకపోయినా బొటనవ్రేలంత లావుండేది. కంప్యూటరు వెనుక 25 పిన్నుల ప్లగ్గును పెట్టి, రెండు ప్రక్కలా మరలు బిగించాలి. కొంతకాలం ఇది ఒంటి తీగ కంటె ఎంతో వేగంగా పనిచేసింది. అయినప్పటికీ చివరకు గెలిచింది ఎనిమిది తీగలు కాదు. ఎందుకో ఆలోచించి చూడండి. ఈ కథలో నాకు అన్నిటికంటె ఆసక్తి కలిగించే భాగం ఇదే.

ఉదయపు ప్రార్థన సమావేశంలో ఎనిమిది మంది విద్యార్థులు తలా ఒక అట్ట పట్టుకొని, భుజాలు కలిపి వరుసగా నడిచివస్తున్నారని ఊహించండి. మెల్లగా నడిస్తే ఎనిమిది మందీ ఒకేసారి గీతను చేరుతారు. అట్టల మీది మాట చక్కగా చదువుకోవచ్చు. ఇప్పుడు వారిని పరుగెత్తమనండి. ఒకరు అడుగు ముందు, ఒకరు అడుగు వెనుక అవుతారు. ఇంకా వేగంగా పరుగెత్తమంటే, మొదటి వరుసలో వెనుకబడినవాడు రెండవ వరుసలో ముందు పరుగెత్తినవాడితో కలిసిపోతాడు. ఏ అట్ట ఏ మాటకు చెందినదో తెలియదు. తీగలలో కూడా అదే జరుగుతుంది. ఒక తీగ వెంట్రుకవాసి పొడవుగా ఉన్నా, ఒక మలుపు ఎక్కువ తిరిగినా బిట్టు ఆలస్యమవుతుంది. పైగా ప్రక్క ప్రక్కన పడుకొన్న తీగలలో ఒకదానిలోని విద్యుత్తు మరొకదానిని కదిలిస్తుంది. వేగం పెంచిన కొద్దీ ఈ రెండు బాధలూ పెరుగుతాయి. వరుసలో ఒక్కరే ఉంటే ఎంత వేగంగా పరుగెత్తినా ప్రక్కవారితో పేచీ లేదు. అందువలన తీగలు తగ్గించి, ఉన్న తీగలో పరుగును పెంచడమే మేలని తేలింది.

ఇక 1990ల తొలినాళ్ళలో కంప్యూటరు వెనుక వైపు ఎలా ఉండేదో మీ అమ్మానాన్నలను అడగండి. కీబోర్డుకు ఒక గుండ్రని రంధ్రం, మౌసుకు మరొకటి, ప్రింటరుకు పొడవైనది, మోడెముకు ఇంకొకటి, ఆటల కర్రకు వేరొకటి. ఒకదాని ప్లగ్గు మరొకదానిలో దూరదు. క్రొత్త పరికరం తెచ్చుకొంటే కొన్నిసార్లు పెట్టె మూత విప్పి, లోపల ఒక కార్డు గ్రుచ్చి, దాని మీది చిన్న తొడుగులను సరియైన పిన్నుల మీదికి మార్చి, కంప్యూటరును ఆపి మళ్ళీ వెలిగించవలసి వచ్చేది.

గుజరాత్‌లోని వడోదరలో చదువుకొని అమెరికా వెళ్ళి, ఇంటెల్ సంస్థలో చేరిన అజయ్ భట్ అనే ఇంజనీరు ఇంట్లో కూడా ఇదే అవస్థ. ప్రింటరును కలపడానికి తన భార్యాపిల్లలు పడిన తిప్పలు చూసి, దీనికి సులువైన ఉపాయం ఉండాలని అనుకొన్నట్లు ఆయన తరువాత చెప్పారు. గోడలోని రంధ్రంలో ఏ దీపం ప్లగ్గు పెట్టినా వెలుగుతున్నప్పుడు, కంప్యూటరుకు ఏ పరికరం తగిలించినా ఎందుకు పనిచేయకూడదు? ఆలోచన సులభమే. కాని ఒక సంస్థ ఒక్కటే క్రొత్త ప్లగ్గు తయారు చేస్తే, ఉన్న పది రకాలకు పదకొండవ రకం కలుస్తుంది, అంతే. పోటీ పడేవారందరూ ఒక మాట మీదికి రావాలి. 1994లో కాంపాక్, డెక్, ఐబీఎం, ఇంటెల్, మైక్రోసాఫ్ట్, ఎన్‌ఈసీ, నార్టెల్ అనే ఏడు సంస్థలు ఆ పనికి చేతులు కలిపాయి. వీటిలో ఇంటెల్ మీకు కొంత దగ్గరిదే. అమెరికా వెలుపల తన మొట్టమొదటి కర్మాగారాన్ని అది 1972లో మన పినాంగ్‌లోనే నెలకొల్పింది. ఈ ప్రమాణాన్ని వాడుకొనేవారి నుండి రుసుము తీసుకోబోమని ఇంటెల్ ముందే ప్రకటించడం పెద్ద సహాయమైంది.

1996 జనవరిలో యూఎస్‌బీ 1.0 వెలువడింది. దానిలో రెండు వేగాలు. కీబోర్డు, మౌసు వంటి చవక పరికరాలకు సెకనుకు 15 లక్షల బిట్లు. మిగిలినవాటికి 120 లక్షల బిట్లు. పది లక్షల బిట్లను ఒక మెగాబిట్ అంటారు. మీరు మలాయ్‌లో ‘జూతా’ అని లెక్కించేది ఇదే. కనుక 1.5 మెగాబిట్లు, 12 మెగాబిట్లు. సెకనులో పది లక్షలవ వంతుకు మైక్రోసెకను అని పేరు. 12 మెగాబిట్ల తీగ మీద మన 144 బిట్లు 12 మైక్రోసెకన్లలో దాటుతాయి. దారిఖర్చుగా చేర్చే అదనపు బిట్లను ఇక్కడ నుండి లెక్కలోకి తీసుకోవడం లేదు.

ఇంట్లో పాత యూఎస్‌బీ కేబులు, అంటే చదునైన దీర్ఘచతురస్రపు ప్లగ్గు ఉన్నది, చేతిలోకి తీసుకొని లోపలికి చూడండి. నాలుగు లోహపు పట్టీలు కనిపిస్తాయి. అంచులలోని రెండూ మధ్యలోని రెంటి కంటె కొంచెం పొడవు. అది అచ్చు తప్పు కాదు. అంచు పట్టీలు విద్యుత్తును తెస్తాయి. మధ్యవి సమాచారాన్ని తెస్తాయి. ప్లగ్గును లోపలికి నెట్టేటప్పుడు ముందుగా విద్యుత్తు అంది, పరికరం మేల్కొన్న తరువాతనే సమాచారపు తీగలు కలవాలని అలా చేశారు. ఊడదీసేటప్పుడు ముందు మాటలు ఆగి, ఆ తరువాత విద్యుత్తు ఆగుతుంది.

ఒక్క వరుసలో పోయే సమాచారానికి రెండు తీగలెందుకని అడగాలి మీరు. ఆ రెండూ ఒకే మాటను మోస్తాయి, కాని తలక్రిందులుగా. ఒకదానిలో వోల్టేజి పెరిగితే రెండవదానిలో తగ్గుతుంది. చదివేవాడు ఏ ఒక్కదాని ఎత్తునూ కొలవడు. రెంటికీ మధ్య తేడాను మాత్రమే చూస్తాడు. నదిలో ప్రక్క ప్రక్కన కట్టిన రెండు పడవలను తలచుకోండి. ఒకదానిలో జెండా ఎత్తారు, ఒకదానిలో దించారు. అల వస్తే రెండు పడవలూ కలిసి లేస్తాయి, కలిసి దిగుతాయి; జెండాల మధ్య తేడా మాత్రం చెక్కుచెదరదు. బయటి నుండి వచ్చే విద్యుత్ అలజడి ఆ అల వంటిది. ఆ రెండు తీగలనూ జడవలె పెనవేయడం వలన అల రెంటికీ సమానంగా తగులుతుంది. ఈ చిన్న ఉపాయం లేకపోతే ఇకమీద చెప్పబోయే వేగాలలో ఒక్కటీ సాధ్యమయ్యేది కాదు.

తీగ తగిలించగానే ఏమి జరుగుతుంది? కొంత మౌనం తరువాత కంప్యూటరే మొదట పలకరిస్తుంది. యూఎస్‌బీలో పరికరం తనంతట తాను మాట్లాడదు; అడిగితేనే బదులు చెబుతుంది. క్రొత్తగా బడిలో చేరిన విద్యార్థికి ఇంకా వరుస సంఖ్య ఉండదు కదా. అలాగే క్రొత్త పరికరం సంఖ్య సున్న. “నీవెవరవు? నిన్ను తయారు చేసినదెవరు? నీవు చేయగల పనేమిటి?” అని కంప్యూటరు అడుగుతుంది. జవాబులు విని 1 నుండి 127 వరకు ఉన్న సంఖ్యలలో ఒకటి కేటాయిస్తుంది. ఇక ఆ సంఖ్యతోనే పిలుపు. మీరు మౌసును కదపకపోయినా కంప్యూటరు సెకనుకు వంద సార్లకు పైగా “ఏమైనా ఉన్నదా?” అని దానిని అడుగుతూనే ఉంటుంది. పాపం, చాలాసార్లు జవాబు “ఏమీ లేదు” అనే.

తొలి రోజులలో ఇదంతా సజావుగా సాగలేదు. 1998 ఏప్రిల్‌లో షికాగో ప్రదర్శనలో మైక్రోసాఫ్ట్ అధినేత బిల్ గేట్స్ సమక్షంలో, ఇంకా విడుదల కాని విండోస్ 98ను చూపిస్తూ, ఆయన సహాయకుడు ఒక స్కానరును యూఎస్‌బీ తీగతో తగిలించాడు. వెంటనే తెర నీలమై కంప్యూటరు నిలిచిపోయింది. సభ గొల్లున నవ్వింది. ఇందుకే దీనిని ఇంకా అమ్మకానికి పెట్టలేదని గేట్స్ కూడా నవ్వుతూ సర్దుకొన్నారు. అదే సంవత్సరం ఆగస్టులో ఆపిల్ సంస్థ ఐమాక్ అనే కంప్యూటరును తెచ్చింది. దానిలో పాత రకపు కీబోర్డు రంధ్రం లేదు, ప్రింటరు రంధ్రం లేదు, ఉన్నది యూఎస్‌బీయే. ఆ తరువాత పరికరాలు తయారు చేసేవారు వెనుదిరిగి చూడలేదు.

2000 ఏప్రిల్‌లో యూఎస్‌బీ 2.0 వచ్చి, వేగాన్ని ఒక్కసారిగా నలభై రెట్లు పెంచింది: సెకనుకు 480 మెగాబిట్లు. తీగలు అవే నాలుగు, ప్లగ్గు అదే. మరి క్రొత్త పరికరాన్ని పాత కంప్యూటరుకు తగిలిస్తే? ఇక్కడ చేసిన ఏర్పాటు ముచ్చటైనది. క్రొత్త పరికరం మొదట తాను పాతదానినే అన్నట్లు, 12 మెగాబిట్ల పరికరం వలెనే వినయంగా పరిచయం చేసుకొంటుంది. తరువాత ఒక చిన్న సంకేతం ఇస్తుంది. ఇంజనీర్లు దానికి ఇంగ్లీషులో పిచ్చుక కిచకిచ అనే అర్థం వచ్చే పేరే పెట్టారు. కంప్యూటరు కూడా క్రొత్తదైతే తిరిగి కిచకిచమంటుంది. అప్పుడు ఇద్దరూ 480కి మారుతారు. జవాబు రాకపోతే పరికరం నొచ్చుకోదు. పాత వేగంలోనే పని చేసుకొంటుంది. పెద్దవారి ఇంటికి వెళ్ళినప్పుడు వారి భాషలోనే మొదట పలకరించడం వంటిది ఇది.

అప్పటికే ఫైర్‌వైర్ అనే మరొక ప్రమాణం ఉన్నది. 1995 నాటికే దానికి సెకనుకు 400 మెగాబిట్ల వేగం ఉండేది. వీడియో కెమెరాలవారు దానిని ఇష్టపడ్డారు. యూఎస్‌బీ 12 దగ్గర ఉన్న రోజులలో 400! అయినా ప్రజలలో అది నిలవలేదు. దాని చిప్పులు ఖరీదైనవి, వాడకానికి రుసుము కట్టాలి. వేగంలో ముందున్నది పందెంలో ఓడిపోయింది.

అదే 2000 సంవత్సరంలో మనకు ఇరుగుపొరుగున ఒక వింత వస్తువు పుట్టింది. సింగపూరుకు చెందిన ట్రెక్ 2000 అనే సంస్థ బొటనవ్రేలంత నిలువ సాధనాన్ని యూఎస్‌బీ ప్లగ్గుతో సహా అమ్మకానికి పెట్టింది. ఇజ్రాయెల్‌లోని ఎం-సిస్టమ్స్ కూడా ఆ సమయంలోనే అటువంటిదానిని తయారు చేసింది. తొలి సాధనాలలో పట్టేది 8 మెగాబైట్లు. నేటి ఫోనుతో తీసిన ఫొటోలు రెండు మూడింటికి మించి అందులో చోటులేదు. అయినా 1.44 మెగాబైట్ల ఫ్లాపీ పళ్ళేలకు అలవాటుపడినవారికి అదే గొప్ప. మన సెలంగోర్ రాష్ట్రంలో వరిపొలాలకు పేరుపొందిన సెకించాన్‌లో పుట్టిన పువా ఖేన్ సెంగ్ తైవాన్‌లో ఇంజనీరింగు చదివి, 2000లో మిత్రులతో కలిసి అక్కడే ఫైసన్ అనే సంస్థను స్థాపించారు. ఆ పేరులో ఐదుగురు వ్యక్తులన్న ఇంగ్లీషు మాట దాగి ఉన్నది. పెన్‌డ్రైవును నడిపే పనులన్నింటినీ ఒకే చిప్పులో ఇమిడ్చినవారిగా ఆయనకు పేరు వచ్చింది. పెన్‌డ్రైవు పితామహుడని ఆయనను మలేషియా పత్రికలు వ్రాస్తుంటాయి. సింగపూరువారు, ఇజ్రాయెల్‌వారు ఒప్పుకోకపోవచ్చు. ఆ వివాదం ఎలా ఉన్నా, అరచేతిలో పట్టే ఆ వస్తువు చవక కావడానికి ఒక్క చిప్పు చాలడం కూడా ఒక కారణమన్నది మాత్రం నిజం.

2008 నవంబరులో యూఎస్‌బీ 3.0 వచ్చింది: సెకనుకు 5 గిగాబిట్లు, అంటే 500 కోట్ల బిట్లు. ఈసారి పాత నాలుగు తీగలు సరిపోలేదు. 2.0లో రాకపోకలకు ఒకటే దారి. ఒంటి వాహనం పట్టే వంతెనవలె, ఇటువారు దాటేవరకు అటువారు ఆగాలి. 3.0లో పోవడానికి ఒక జత, రావడానికి మరొక జత తీగలు క్రొత్తగా చేర్చారు. పాత నాలుగింటిని తీసివేయలేదు. వాటి వెనుక క్రొత్త పట్టీలు అమర్చారు. అందువలన పాత ప్లగ్గు క్రొత్త రంధ్రంలోనూ పనిచేస్తుంది. చాలా కంప్యూటర్లలో ఆ రంధ్రం లోపలి నాలుక నీలి రంగులో ఉంటుంది, గమనించండి.

ఇక పేర్ల సంగతి. 2008లో 3.0గా పుట్టిన దానినే 2013లో ‘3.1 మొదటి తరం’ అన్నారు. 2017లో మళ్ళీ ‘3.2 మొదటి తరం’ అన్నారు. వేగం అప్పుడూ 5 గిగాబిట్లే, ఇప్పుడూ 5 గిగాబిట్లే. ఒకే బిడ్డకు మూడుసార్లు బారసాల చేసినట్లు! పది గిగాబిట్లది ఒక పేరుతో, ఇరవైది మరొక పేరుతో వచ్చి గందరగోళం ఇంకా పెరిగింది. ఇంత చక్కని ఒప్పందం కుదుర్చుకొన్నవారు పేర్ల దగ్గర ఇలా తడబడడం విచిత్రమే. చివరకు 2022లో వారే, పెట్టె మీద తరాలు కాక వేగపు సంఖ్యనే ముద్రించమని తయారీదారులకు సలహా ఇచ్చారు. కాబట్టి మీరు కేబులు కొనేటప్పుడు పేరును పట్టించుకోకండి. 5, 10, 20, 40, 80 అనే సంఖ్య కోసం వెదకండి.

పాత ప్లగ్గును మొదటిసారి పెడితే దూరదు, తిప్పితే దూరదు, మళ్ళీ తిప్పితే దూరుతుందని అందరూ నవ్వుకొనేవారు. రెండువైపులా పనిచేసేట్లు చేయాలంటే తీగలూ, ఖర్చూ రెట్టింపయ్యేవని, చవకగా ఉంటేనే అందరూ తీసుకొంటారని తాము అలా వదిలేశామని అజయ్ భట్ వివరించారు. ఆ లోటు 2014లో సి-రకం ప్లగ్గుతో తీరింది. గోటి వెడల్పు లేని ఆ కోలాకార రంధ్రంలో పైన పన్నెండు, క్రింద పన్నెండు, మొత్తం 24 స్పర్శ స్థానాలు! ఎలా పెట్టినా సరిపోతుంది. విద్యుత్తు విషయంలో కూడా మార్పు పెద్దదే: 2.0 నాటి పోర్టు 2.5 వాట్లు ఇస్తే, 2021 నాటి నియమాల ప్రకారం సి-రకం కేబులు 240 వాట్ల వరకు మోయవచ్చు. అంత మోసే కేబులు ప్లగ్గులో ఒక చిన్న చిప్పు ఉండి “నేను ఇంత మోయగలను” అని ముందే చెబుతుంది. ఐరోపా సమాఖ్య 2024 డిసెంబరు 28 నుండి తన దేశాలలో అమ్మే ఫోన్లకు, టాబ్లెట్లకు, కెమెరాలకు ఈ ఒక్క రంధ్రమే ఉండాలని చట్టం చేసింది.

కాని జాగ్రత్త! సి-రకం అన్నది ప్లగ్గు ఆకారం మాత్రమే, వేగం కాదు. ఫోను చార్జింగుకు ఇచ్చే చాలా సి-రకం కేబుళ్ళ లోపల సమాచారానికి ఉన్నది 2000 నాటి పాత జతే. చూడటానికి రెండూ కవలలవలె ఉంటాయి. ఒకటి 480 మెగాబిట్లు, మరొకటి 40 గిగాబిట్లు, అంటే ఎనభై రెట్లకు పైగా తేడా. ఇందాకటి నాలుగు గిగాబైట్ల పెళ్ళి వీడియోనే తీసుకోండి. గిగాబైట్లను ఎనిమిదితో గుణిస్తే 32 గిగాబిట్లు. బిట్టుకూ బైటుకూ తేడా మరచినవారు ఇక్కడే బోల్తాపడతారు. 12 మెగాబిట్ల తీగకు ముప్పావు గంట, 480కి ఒక నిమిషం పైచిలుకు, 5 గిగాబిట్లకు పది సెకన్ల లోపు, 40కి ఒక్క సెకను. ఇవి కాగితం మీది లెక్కలు. నిజంగా ఇంతకంటె ఎక్కువే పడుతుంది. తీగ ఎంత వేగమైనదైనా అవతల ఉన్న డిస్కు అంత వేగంగా వ్రాసుకోగలగాలి కదా.

2019లో వచ్చిన యూఎస్‌బీ 4 వేగం ఆ 40 గిగాబిట్లే. 2022 కూర్పులో అది 80 అయింది. మన 144 బిట్లు 40 గిగాబిట్ల తీగలో దాటడానికి 3.6 నానోసెకన్లు పడుతుంది. నానోసెకను అంటే సెకనులో వంద కోట్లవ వంతు. అంత స్వల్పకాలంలో శూన్యంలో వెలుగు కూడా ముప్పై సెంటీమీటర్లే పోగలదు. రాగి తీగలో సంకేతం అందులో మూడింట రెండు వంతుల వేగంతో నడుస్తుందనుకొంటే, 3.6 నానోసెకన్లలో అది దాదాపు డెబ్బై సెంటీమీటర్లు పోతుంది. అంత వేగానికి సాధారణంగా వాడే కేబులు పొడవు ఎనభై సెంటీమీటర్లు. అంతకు మించి పొడవైతే సంకేతం నీరసిస్తుంది. అంటే ‘తెలుగు’ అనే మాట ఆ కేబులులో ఇంచుమించు ఈ కొస నుండి ఆ కొస వరకు పరచుకొని ఉంటుంది. ‘త’ అవతలి గడపను సమీపిస్తున్న వేళకు చివరి కొమ్ము ఇవతలి గడప దాటుతుంది.

ఈ వేగాల కంటె నాకు విలువైనదిగా తోచేది మరొకటి ఉన్నది. ఆర్‌ఎస్-232 రంధ్రం గాని, ఫ్లాపీ గాని నేటి కంప్యూటర్లలో సాధారణంగా కనిపించవు. ఫ్లాపీలలో దాచిన ఉత్తరాలు, పాటలు, తాతగారి గొంతులు ఎన్నో ఇళ్ళలో పెట్టెల అడుగున మూగగా పడి ఉన్నాయి. 2000లో కొన్న పెన్‌డ్రైవును మాత్రం ఈనాటి యంత్రానికి, అవసరమైతే చిన్న మార్పిడి తొడుగు పెట్టి, తగిలించవచ్చు. యంత్రం దానిని గుర్తుపట్టి, దాని వేగానికి దిగివచ్చి మాట్లాడుతుంది. అయితే తలుపు తెరచి ఉన్నంత మాత్రాన లోపలి సామాను క్షేమమని చెప్పలేము. పెన్‌డ్రైవులో బిట్లు అతిచిన్న గదులలో బంధించిన విద్యుదావేశంగా ఉంటాయి. ఏళ్ళ తరబడి వాడకుండా ఉంచితే ఆ ఆవేశం మెల్లగా కారిపోతుంది.

కనుక ఈ దీర్ఘ సెలవులలో ఇంట్లోని పాత పెన్‌డ్రైవులను వెదకి, పెద్దవారిని ప్రక్కన కూర్చోబెట్టుకొని, ఒక్కొక్కటిగా తగిలించి చూడండి. తెరచుకొన్నవాటిలోని ఫొటోలను, గొంతులను రెండు వేర్వేరు చోట్లకు నకలు తీసి, ప్రతిదానికీ ఎవరిదో, ఏ సంవత్సరానిదో తెలుగులో పేరు వ్రాసి పెట్టండి. నకలు తీసేటప్పుడు వీలైతే నీలి నాలుక ఉన్న రంధ్రాన్నే వాడండి. పెన్‌డ్రైవు పాతదైతే వేగం పెరగదు గాని, నష్టమూ లేదు.